ఇల్లు చూసి ఏరియా వయసు చెప్పడం ఎలా? బొల్లారం లైన్లో ఒక ఉదయం

ఇంటికి చుట్టాలొస్తే చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ తిప్పి పంపేస్తాం. సికింద్రాబాద్ నుంచి ఉత్తరంగా పోయే బొల్లారం లైన్ ఎవరికీ గుర్తుకు రాదు. హైదరాబాద్ ఎలా పెరిగిందో తెలియాలంటే నాకు మాత్రం ఆ లైనే ఇష్టం. ఇళ్లను చదవడం వస్తే చాలు, గైడ్ అక్కర్లేదు. నేర్చుకోడానికి ఒక ఆదివారం పొద్దున సరిపోతుంది.

1. రైల్లో స్టేషన్ బోర్డులు చదవండి

2023 ఏప్రిల్ నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు మేడ్చల్ దాకా నడుస్తోంది. రైళ్లు తక్కువ, కాబట్టి రాను పోను టైములు ముందే చూసుకోండి. కిటికీ పక్కన కూర్చుంటే మల్కాజ్‌గిరి, దయానంద్‌నగర్, సఫిల్‌గూడ, రామకృష్ణాపురం, అమ్ముగూడ, కేవలరీ బ్యారక్స్, అల్వాల్, బొల్లారం బజార్, బొల్లారం వరసగా వస్తాయి. 'గూడ' అని ఉంటే పాత పల్లె. 'కేవలరీ బ్యారక్స్' అంటే గుర్రపు దళం మకాం. 'బజార్' దండును నమ్ముకుని పుట్టిన అంగడి. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది, ఆ తర్వాత బొల్లారం వైపు హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం దిగింది. సైన్యం ఉన్న చోటు కాబట్టే సికింద్రాబాద్ జాతరను ఇప్పటికీ లష్కర్ బోనాలు అంటాం.

2. అల్వాల్‌లో దిగి, తల పైకెత్తండి

ముందు కప్పు చూడాలి. గూన పెంకు కనిపిస్తే ఆ ఇల్లు పల్లె నాటిది, లేదా పల్లె అలవాటుతో కట్టినది. చదునుగా, ఒకదానికొకటి గాడిలో కూర్చునే పెంకు అయితే బెంగళూరు పెంకు. పేరుకే బెంగళూరు. ఆ రకం పెంకుల ఫ్యాక్టరీ 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు పెట్టారు. పెంకు తర్వాత స్లాబ్ వచ్చింది. స్లాబ్ మీద రేకుల రూము కనిపిస్తే, పిల్లలు పెద్దయ్యారనో అద్దె అవసరం పడిందనో అనుకోవచ్చు.

తర్వాత నేల. లోపలికి తొంగిచూడకండి, వరండా చాలు. షాబాద్ బండలు, వాటి తర్వాత చుక్కల మొజాయిక్, ఆ పైన మార్బుల్, చివరికి అద్దంలా మెరిసే టైల్స్. దాదాపు ఈ వరసలోనే మధ్యతరగతి చేతిలో డబ్బు ఆడింది. ఒకే ఇంట్లో ముందు గది టైల్స్, వెనక వంటిల్లు బండలు ఉంటే నాకు భలే సరదా: చుట్టాలు కూర్చునే చోటే ఖర్చు పెట్టారన్నమాట.

కిటికీకి నిలువు ఇనుప చువ్వలుంటే పాతది, నెమలి డిజైన్ గ్రిల్లుంటే తర్వాతది. పిట్టగోడ కింద నుదుటి మీద చూడటం మరవకండి. ఇంటి పేరూ కట్టిన సంవత్సరమూ సిమెంటుతో తీర్చిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. మీ అంచనా సరైందో కాదో అక్కడే తేలిపోతుంది.

ఎంతమంది ఉంటున్నారో తెలియాలంటే కరెంటు మీటర్లు లెక్కపెట్టండి. మెట్లు ఇంటి బయట నుంచే పైకి వెళ్తున్నాయంటే, కట్టేటప్పుడే పై పోర్షన్ అద్దెకివ్వాలని అనుకున్నట్టు. గేటు దగ్గర నేలలో సంపు మూత, డాబా మీద నల్లటి ట్యాంకు ఉంటాయి. నల్లా నీళ్లు రోజంతా రావు, వచ్చినా పై అంతస్తు ఎక్కవు. అందుకే ముందు సంపులోకి, అక్కడి నుంచి మోటారుతో పైకి. కృష్ణా, గోదావరి నీళ్లొచ్చి ఏళ్లయినా చాలామంది వాటిని మంజీర నీళ్లనే అంటారు.

3. బొల్లారంలో గేటుకీ ఇంటికీ మధ్య దూరం చూడండి

అల్వాల్‌లో ఇల్లు గోడకు గోడ ఆనుకుని ఉంటుంది. బొల్లారం పాత బంగళాలో గేటు ఒకచోట, ఇల్లు ఎక్కడో చెట్ల వెనక. ఎత్తయిన కప్పు, పైన చిన్న వెంటిలేటర్లు, లోతైన వరండా. అవి దర్జా కోసమే కట్టినవి కావు. వేడి గాలి పైకెళ్లి బయటపడాలి, ఎండ గోడను తాకకూడదు. ఫ్యాను రాని రోజుల ఉపాయం అది.

ఇవి ఎందుకు మిగిలాయి? అల్వాల్ 2007లో జీహెచ్‌ఎంసీలో, అంటే హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది, అపార్ట్‌మెంట్లు లేచాయి. ఈ బంగళాలున్నది కంటోన్మెంట్‌లో, అంటే సైన్యం మకాం ఉన్న ప్రాంతంలో. ఆ హద్దు లోపల రూల్స్ వేరు. ఓల్డ్ గ్రాంట్ బంగళాల్లో కట్టడం మనిషిది, నేల సర్కారుది. కూలగొట్టి బిల్డర్‌కు ఇవ్వడం అంత తేలిక కాదు.

1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఇక్కడే ఉంది. 1983 నవంబర్ 20న ఎలిజబెత్ రాణి తన పెళ్లిరోజు ప్రార్థన ఇందులోనే చేసుకుంది. ఆదివారం ప్రార్థన టైములో వెళ్తే తలుపులు తీసి ఉంటాయి, వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చోండి. 1860 నాటి రాష్ట్రపతి నిలయం కూడా దగ్గరే. 2023 నుంచి ఏడాది పొడవునా చూడనిస్తున్నారు. అది ఇంకో రోజుకు పెట్టుకోండి, ఇవాళ్టి పని ఇళ్లతో.

4. మాట కలపండి, ధర మాత్రం అడగొద్దు

"గజం ఎంతుంది?" అన్నారా, మిమ్మల్ని బ్రోకర్ అనుకుంటారు. ముగ్గేస్తున్న ఆమెనైతే "అమ్మా", పేపరు చదువుతున్న పెద్దాయననైతే "అంకుల్" అని పలకరించి, "ఈ వేపచెట్టు ఎప్పటిది?" అనండి. చెట్టుతో మొదలైన మాట ఇంటి దగ్గరికి తనే వస్తుంది. ఈ వైపు ఆర్మీలో చేసి రిటైరైన కుటుంబాలు ఎక్కువ. పక్కనున్న సైనిక్‌పురి అలాంటి వాళ్ల కాలనీగానే పుట్టింది. వాళ్లకు తారీఖులు బాగా గుర్తుంటాయి.

5. ఫోను జేబులో పెట్టుకోండి

మిలిటరీ బోర్డు ఉన్న గోడ, గేటు, కాపలా గది ఏదీ ఫొటో తీయొద్దు. ఒకసారి గోడ మీది మర్రి ఊడలు బాగున్నాయని ఫోను తీసి, పది నిమిషాలు సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఇళ్ల ఫొటోలకైతే అడగండి. వద్దంటే చిన్న నోట్‌బుక్‌లో కిటికీ బొమ్మ గీసుకోండి, దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు నాకు.

తొమ్మిదిన్నర దాటితే ఎండ ముదురుతుంది. బజార్‌లో ఇడ్లీ తిని, చాయ్ తాగి స్టేషన్‌కు చేరండి. రైలు తప్పిపోతే మెయిన్ రోడ్డు మీదికి రండి, సికింద్రాబాద్ బస్సు దొరుకుతుంది.