మోటారు తిరుగుతోంది, నీళ్లు రావడం లేదు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోని పాత ఇళ్లలో బావి గట్టున అర హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు (మోటారూ పంపూ ఒకే ముక్కగా ఉండేది) ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. అది హోరుమంటుంది, ట్యాంకులో చుక్క పడదు. వెంటనే అందరూ ఫుట్‌వాల్వ్ (బావిలో పైపు అడుగున ఉండి, నీళ్లు వెనక్కి జారకుండా ఆపే వాల్వు) కొనడానికి బయలుదేరతారు. పైపు పైకి లాగకముందు ఒక్క చెంబు నీళ్లు ఖర్చు పెట్టండి.

మోటారు ఆపి, ట్యాంకు వైపు పైపుకున్న డెలివరీ వాల్వు కట్టి, ప్రైమింగ్ బిరడా (మోటారులో ముందుగా నీళ్లు నింపే రంధ్రం మూత) తీసి అంచు దాకా నీళ్లు నింపండి. పది నిమిషాలు చూడండి. మట్టం గబగబా దిగితే ఫుట్‌వాల్వ్‌లో చెత్త ఇరుక్కుని ఉంటుంది, లేదా దాని వాషరు అరిగి ఉంటుంది. తీసి కడగండి, కుదరకపోతే మార్చండి. మట్టం కదలకపోతే దాని జోలికి వెళ్లవద్దు.

ఆ కదలని మట్టాన్ని లెక్కచేయకే నేను దెబ్బతిన్నాను. అయ్యకోనేరు దగ్గర ఒక ఇంట్లో ప్రైమింగ్ చేయగానే ధార బాగా వచ్చేది. రెండు నిమిషాలకు గురక పెడుతూ, తుంపరలుగా పడి ఆగిపోయేది. ఫుట్‌వాల్వ్ మార్చాను. వారానికి మళ్లీ పిలుపు. మళ్లీ మార్చాను, ఈసారి నా డబ్బుతో. మూడోసారి ఆ ఇంటి పెద్దావిడ, “ఎక్కడా కారడం లేదు కదా బాబూ, మరి గాలి ఎలా వస్తోంది?” అన్నారు.

కారకపోవడమే అసలు మోసం. మోటారు తిరిగేటప్పుడు సక్షన్ పైపులో, అంటే బావిలోంచి నీళ్లు లాగే పైపులో, ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. అందుకే అక్కడి చీలిక నీళ్లు వదలదు, గాలి పీలుస్తుంది. అది మోటారు మూతి దగ్గరే ఉంటే పైన నిలిచే నీళ్లు జానెడు కూడా ఉండవు కాబట్టి చెంబు పరీక్షలోనూ బయటపడదు.

గిన్నెలో సబ్బు నురగ చిక్కగా కలిపి, మోటారు నడుస్తుండగా సక్షన్ వైపు ప్రతి అతుకుకూ కుంచెతో పూయండి. వైర్ల మీద పడనివ్వవద్దు. ఒకచోట నురగ లోపలికి పోయి సన్నటి గీత మిగులుతుంది. నాకు అది ఇనుప మూతిలో బిగించిన పీవీసీ మర మొదట్లో కనిపించింది. వెంట్రుకంత చీలిక. రెంచితో అతిగా బిగించింది నేనే.

ఆ ముక్క కోసేసి ఇత్తడి మర ఉన్న అడాప్టర్ వేయండి. టెఫ్లాన్ టేపు మర బిగిసే దిశలోనే చుట్టి, చేత్తో బిగించి, చివర్లో మాత్రమే రెంచి పట్టండి. సొల్యూషన్ (పీవీసీ జిగురు) అతుకును ఒక రాత్రి ఆరనివ్వండి. యూనియన్ (విప్పి బిగించే అతుకు) వాషరు పనిలో పనిగా మార్చేయండి. పైపు అదరకుండా గోడకు క్లాంపు కొట్టండి, లేకపోతే మళ్లీ అక్కడే చీలుతుంది.

ఇక మిగిలినవి. మోటారు మూలుగుతూ తిరగకపోతే దాన్ని తిప్పడం మొదలుపెట్టించే కెపాసిటర్ చూడండి. ఇంపెల్లర్ (లోపల నీళ్లను నెట్టే చక్రం) అరగడం అరుదు. ఎండాకాలంలో మాత్రం బావిలోకి తాడు వదిలి కొలవండి: లెక్క ప్రకారం 10 మీటర్ల లోతు నుంచి లాగాలి గానీ, 7 దాటితే ఈ మోటార్లు చేతులెత్తేస్తాయి. అప్పుడు మోటారును కిందికి దించాలి, లేదా నీళ్లలో మునిగి నడిచే సబ్‌మెర్సిబుల్ వేయాలి.