ఐసు పెట్టే ముందు ఇవి చూసుకోండి

టోర్నమెంట్ల కాలం మొదలవుతోంది. కిట్ బ్యాగులో ఐస్ ప్యాక్ సర్దుకునేవాళ్ల కోసం:

ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాక్‌ను నేరుగా చర్మానికి ఆనించవద్దు. కరుగుతున్న ఐసు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. జెల్ ప్యాక్ మాత్రం ఫ్రీజర్ చలినంతా, అంటే మైనస్ 18 డిగ్రీల దాకా, మోసుకొస్తుంది. గట్టిగా కట్టుకుని నిద్రపోతే, లేచేసరికి చర్మం మైనంలా తెల్లగా బిగుసుకుని, తర్వాత బొబ్బలెక్కుతుంది. మధ్యలో పలుచని తడిగుడ్డ తప్పనిసరి.

మోకాలి బయటివైపు, మోచేతి లోపలివైపు మరీ జాగ్రత్త. అక్కడ నరం చర్మం కిందే ఉంటుంది. మోకాలి పక్క నరం దెబ్బతింటే పాదం పైకి లేవదు.

10 నుంచి 15 నిమిషాలు, అంతే. ఫోనులో అలారం పెట్టుకోండి; మొద్దుబారిన చోటు హెచ్చరించదు. మళ్లీ పెట్టాలంటే రెండు గంటలు ఆగండి.

ఐసు తీసిన వెంటనే మైదానంలోకి దిగవద్దు. నొప్పి తెలియనంత మాత్రాన గాయం మానినట్టు కాదు.

మధుమేహంతో స్పర్శ తగ్గినవారు, చలికి వేళ్లు తెల్లబడేవారు, దద్దుర్లు వచ్చేవారు డాక్టరును అడగనిదే వాడవద్దు.

నాలుగడుగులు వేయలేకపోతే ఐసుతో కాలయాపన వద్దు. ఎక్స్‌రే తీయించండి.

ఆట అయ్యాక ఒంటినొప్పులు తగ్గడానికి చన్నీటి తొట్టెలో దిగేవారికి 10 నుంచి 15 డిగ్రీల నీరు, 10 నిమిషాలు చాలు, ఒంటరిగా దిగవద్దు. బరువులెత్తిన ప్రతిసారీ దిగితే కండ పెరుగుదలే మందగించవచ్చు. నన్నడిగితే, వరుసగా మ్యాచ్‌లున్న రోజుల్లోనే దానితో పని.