పాత పల్లెటూరి ఇంట్లో కారుకు చోటు చేయడం ఎలా?

ఊళ్లో పాత పెంకుటిల్లు కొనేవారు దూలాలు, వాసాలు, గోడల చెమ్మ జాగ్రత్తగానే చూసుకుంటారు గాని, కారు ఎక్కడ పెట్టుకోవాలన్న ఆలోచన చాలామందికి రిజిస్ట్రేషను అయిన తరువాత గాని రాదు. ఆ ఇళ్లు కట్టిన రోజుల్లో లోపలికి రావలసింది ఎడ్లబండి మాత్రమే, అది కూడా చాలా చోట్ల పెరటి దారిన వచ్చేది. ఇప్పుడు అదే వీధిలో 10, 12 అడుగుల సిమెంటు రోడ్డు, దాని పక్కన మురుగు కాలువ, ఆ పక్కనే కరెంటు స్తంభం ఉంటాయి. అటువంటి వీధిలో కారు వదిలేస్తే ధాన్యం ట్రాక్టరుకూ దారి ఉండదు, అంబులెన్సుకూ దారి ఉండదు. కనుక కారు మన ఆవరణలోనే ఉండాలి. పని పెద్దదేమీ కాదు గాని, రోడ్డుకూ గేటుకూ మధ్య ఉన్న ఆ రెండు మూడడుగుల కాలువ దగ్గర దాన్ని దాదాపు ప్రతి ఊళ్లోనూ పాడుచేస్తున్నారు.

బయానా ఇవ్వకముందే దస్తావేజులోని నాలుగు హద్దులను నేల మీద నిలబడి సరిచూసుకోవాలి. పాత ఇళ్లు ఎక్కువగా గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఉంటాయి గనుక పొలాలకు ఉన్నట్టు ఇంటింటికీ విడి సర్వే నంబరు ఉండదు, హద్దు అంటే ఇరుగుపొరుగు గోడలే. 2020 ఏప్రిల్ 24న కేంద్రం ప్రారంభించిన స్వామిత్వ పథకం కింద మీ ఊళ్లో డ్రోన్లతో కొలతలు జరిగి ఉంటే ఆ పటాన్ని తప్పక చూడండి. మీరు కారు తిప్పుకోవచ్చునని అనుకుంటున్న సందు అన్నదమ్ముల ఉమ్మడి నడక దారి అయితే, అందులో కారు పెట్టే హక్కు మీకు రాదు. గేటు పెట్టదలచిన చోట కరెంటు స్తంభం గానీ దాన్ని లాగిపట్టే స్టే వైరు గానీ ఉంటే, మార్చడానికి అయ్యే ఖర్చును విద్యుత్ శాఖ వారి ద్వారా అంచనా వేయించుకొని ఆ తరువాతే ధర మాట్లాడుకోవాలి.

కొలతలు సులువు. మారుతి స్విఫ్టు పొడవు సుమారు 3.86 మీటర్లు, ఇన్నోవా క్రిస్టా పొడవు 4.73 మీటర్లు. ఈ రోజు చిన్న కారే ఉన్నా, గేటు రెక్కలు తిరిగే చోటు కాక, లోపల 18 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు తప్పక ఉండాలి. గేటు 10 అడుగులకు తగ్గకూడదు, లోపలికి తెరుచుకోవాలి గాని వీధిలోకి తెరుచుకోకూడదు. ఇరుకు వీధిలో నేరుగా మలుపు తిరగదు కాబట్టి, గేటు స్తంభాలు రావలసిన చోట ముగ్గు పోసి, రెండు రాళ్లు నిలబెట్టి, కారు నిజంగా తిప్పి చూడాలి. పది నిమిషాల ఈ పరీక్షను కాగితం మీది ఏ ప్లానూ తీర్చలేదు.

చోటు ఎంచుకొనేటప్పుడు పెరటి దారి ఉంటే దాన్నే ఎంచుకోవాలి. వీధి అరుగు పగలగొట్టి కారుకు దారి చేయడాన్ని నేను ఒప్పుకోను. అరుగు వెనకనున్న మట్టి గోడకు అది చాలా ఇళ్లలో ఊతంగా ఉంటుంది, దాన్ని తీసేస్తే గోడ పాదు వానకు బయటపడుతుంది. తప్పనిసరి అయితే, అరుగు లేని వైపు ప్రహరీనే తెరవాలి.

ఆ తరువాత నేలను పరీక్షించాలి. పాత ఆవరణల్లో పూడ్చిన నుయ్యి, ధాన్యం దాచిన పాతర, ఎవరూ వాడని మరుగుదొడ్డి గొయ్యి ఉండడం మామూలే, అమ్మేవారికి వాటి సంగతి తెలియకపోనూవచ్చు. పక్కింటి పెద్దవారిని అడగండి. ఆపైన గడ్డపారతో రెండేసి అడుగులకు ఒక పోటు చొప్పున నేలంతా పొడిచి చూడండి. గట్టి నేల మీద పార ఎగిరిపడుతుంది, పూడ్చిన చోట సులువుగా దిగిపోతుంది, బోలుగా ఉన్నచోట శబ్దం మారుతుంది. అటువంటి చోట తవ్వి, మొరంతో పొరలు పొరలుగా నింపి, నీళ్లు పోసి, దిమ్మిసతో గట్టిపరచాలి.

ఇక కాలువ సంగతి. అందరూ చేసే పని ఏమిటంటే, కాలువలో ఒక సిమెంటు తూము గానీ ప్లాస్టిక్ పైపు గానీ పడవేసి, చుట్టూ మట్టి కప్పి, పైన కాంక్రీటు పోసి, ఆ కాంక్రీటును రోడ్డు మీదికి ఒక అడుగు వాలుగా లాగడం. ఇందులో రెండు తప్పులున్నాయి. పైపు నోటి దగ్గర కవర్లు, ఎండుటాకులు చేరి మొదటి పెద్ద వానకే అది పూడుకుపోతుంది. లోపలికి పార దూరదు గనుక పారిశుధ్య కార్మికులు పూడిక తీయలేరు, ఎగువ ఇళ్ల మురుగు వారి వాకిళ్లలోకే తిరిగి ఎక్కుతుంది. రోడ్డు మీదికి లాగిన వాలేమో రోడ్డు నీటిని కాలువలోకి పోనివ్వదు, చీకటిలో వచ్చే ద్విచక్రవాహనదారును పడగొడుతుంది. రోడ్డు మన స్థలం కాదు.

సరైన పద్ధతి విప్పి తీయగల పలకలు వేయడమే. మొదట ఆ రోడ్డు, కాలువ పంచాయతీవా, పంచాయతీరాజ్ శాఖవా, రోడ్లు భవనాల శాఖవా అన్నది తెలుసుకొని, లిఖితపూర్వకంగా అనుమతి అడిగి, దరఖాస్తు నకలు మీద రసీదు ముద్ర వేయించుకోవాలి. తరువాత కాలువ లోపలి గోడను దగ్గరగా వంగి చూడాలి. వానాకాలపు నీరు ఎంతవరకు వచ్చిందో ఆ గోడ మీద నల్లటి చార ఒకటి చెబుతుంది. పలక అడుగుభాగం ఆ చారకు కనీసం 4 అంగుళాలు పైన ఉండాలి, పలక పైభాగం రోడ్డుతో సమంగా ఉండాలి. ఈ రెండూ ఒకేసారి కుదరడమే అసలు కష్టం. కాలువ గోడ ఇప్పటికే రోడ్డుతో సమంగా ఉంటే, పలక మందం 6 అంగుళాల మేరకు గోడను గేటు వెడల్పున దించవలసి వస్తుంది, అందుకే అనుమతి ముందు కావాలన్నాను. చార మరీ పైకి ఉన్నచోట కాంక్రీటు పలక ఆశ వదులుకొని, ఇనుప చానెళ్లతో గట్టి జాలీ చేయించుకోవాలి.

పలకల బరువును కాలువ గోడల మీద మోపకూడదు. అవి మట్టిని ఆపడానికి పోసిన పలుచని గోడలే గాని బండిని మోసేవి కావు. వాటి వెనక, రెండు వైపులా 9 అంగుళాల రాతికట్టు కట్టి దాని మీద పలకలు ఆన్చాలి. రోడ్డు వైపు అందుకు జాగా లేకపోతే ఆ శాఖ ఇంజనీరు చెప్పిన ప్రకారమే నడుచుకోవాలి.

లోపలి వెడల్పు అడుగున్నర ఉన్న కాలువకు పలక మూడున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 6 అంగుళాల మందం ఉండాలి. అటువంటివి ఏడు వేస్తే 10 అడుగుల గేటుకు సరిపోతాయి. ఒక్కొక్కటి సుమారు 185 కిలోలు తూగుతుంది, నలుగురు మనుషులు గడ్డపారలతో లేపగలరు. అంతకన్నా వెడల్పు చేస్తే ఎవరూ లేపరు, అప్పుడు అది పైపుతో సమానమే. పొడుగునా 12 ఎంఎం చువ్వలను 5 అంగుళాల దూరంలో, అడ్డంగా 8 ఎంఎం చువ్వలను కట్టి, చువ్వలు అడుగుకు తగలకుండా కింద ఒక అంగుళం కవరు దిమ్మెలు పెట్టి, సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లలో కలిపిన కాంక్రీటు పోయించాలి.

ఇక్కడ మేస్త్రీలు తరచుగా మరిచిపోయే సంగతి ఒకటుంది. చువ్వలు పలక అడుగు వైపున ఉంటేనే పలక బరువు మోస్తుంది. పూడిక తీసిన తరువాత ఎవరైనా దాన్ని తిరగేసి పెడితే చువ్వలు పైకి వస్తాయి, ఇసుక ట్రాక్టరు ఎక్కగానే పలక నడిమికి విరుగుతుంది. కాబట్టి కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే పై ముఖం మీద ‘పై’ అని పుల్లతో లోతుగా రాయించండి. లేపడానికి కొక్కేలను పై ముఖంలోనే, టైరుకు తగలకుండా గుంటలో అమర్చాలి. గోనె సంచులు కప్పి 14 రోజులు తడపాలి, 28 రోజులు నిండేదాకా బండి ఎక్కించకూడదు. పలకల మధ్య అర అంగుళం సందు వదిలితే రోడ్డు నీరు కొంత కాలువలోకి దిగుతుంది.

రోడ్డు మీద రోడ్డు పోసి పోసి ఎత్తు పెరిగిన ఊళ్లలో ఆవరణ పల్లమవుతుంది. అప్పుడు గేటు గీత మీద 3 అంగుళాల గుండ్రటి గట్టు పోసి, అక్కడినుంచి లోపలికి 8 అడుగులకు ఒక అడుగు మించని వాలు ఇవ్వాలి. వాలు మొదలయ్యే చోటా ముగిసే చోటా మూల ఉండకూడదు, ఉంటే కారు అడుగు రాసుకుంటుంది.

లోపల నేలంతా కాంక్రీటు చేయకండి. నల్లరేగడిలో అది పగులుతుంది, నీటిని మట్టి గోడ పాదుల్లోకి తోస్తుంది. చక్రాలు నడిచే చోట మాత్రం రెండడుగుల వెడల్పున రెండు గ్రానైటు బాటలు, వాటి మధ్య దూరం నడిమినుంచి నడిమికి 5 అడుగులు, మిగతాదంతా మొరం. ఇల్లు మట్టి గోడలదైతే బాటకూ గోడకూ మధ్య 3 అడుగులు వదలాలి, నీరు గోడనుంచి అవతలికి పోయేలా వాలు 15 అడుగులకు 3 అంగుళాలు ఉండాలి. ఆ వాలు చివర పడే నీటిని మురుగు కాలువలోకి కాక, చెట్టు పాదులోకో ఇంకుడు గుంతలోకో మళ్లించండి. కారును కొబ్బరి చెట్టు కింద తప్ప మరే చెట్టు కిందైనా పెట్టుకోవచ్చు.