ముందు చర్మం బిగుసుకుపోతే: ఎందుకు, ఏం చేయాలి

పురుషాంగం ముందు చర్మం వెనక్కి రాకపోవడాన్ని డాక్టర్లు ఫైమోసిస్ అంటారు. క్రీమ్ కొనేముందు ఒక్కటి తేల్చుకోండి. ఈ బిగుతు చిన్నప్పటి నుంచీ ఉన్నదా, ఈమధ్య వచ్చిందా? వైద్యం చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది.

వెనక్కి వెళ్లింది, మళ్లీ ముందుకు రావడం లేదు

దీని సంగతి ముందు చెప్పాలి, ఇది తెల్లారేదాకా ఆగేది కాదు. చర్మం వెనకాల ఉంగరంలా బిగుసుకుని రక్తప్రసరణను అడ్డుకుంటుంది, ముందు భాగం వాచిపోతుంది. వాచేకొద్దీ బిగుతు ఇంకా పెరుగుతుంది. వాపు వచ్చిన చోట గుప్పిటతో కాసేపు మెల్లగా, వదలకుండా నొక్కి పట్టి, చర్మాన్ని ముందుకు తెచ్చి చూడండి. రాకపోతే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆస్పత్రిలో ముసలివాళ్లకు మూత్రపు గొట్టం వేశాక చర్మం ముందుకు జరపడం మరిచిపోవడం వల్ల కూడా ఇలా అవుతుంది. పక్కన ఉండేవాళ్లు ఓ కన్నేసి ఉంచాలి.

బాబుకు చర్మం వెనక్కి రావడం లేదు

పుట్టుకతో ఆ చర్మం లోపలి భాగానికి అతుక్కునే ఉంటుంది, అది జబ్బు కాదు. పెరిగేకొద్దీ దానంతటదే విడుతుంది. డెన్మార్క్ వైద్యుడు యాకోబ్ ఓస్టర్ బడి పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించి 1968లో ప్రచురించిన లెక్కల్లో, 17 ఏళ్ల వయసుకు ఈ సమస్య మిగిలింది నూటికి ఒక్కరికే. స్నానం చేయించేటప్పుడు రోజూ కొంచెం కొంచెం లాగమని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. వినకండి. లాగితే చర్మం చిరిగి, మానేటప్పుడు మచ్చ కట్టి, లేని జబ్బు వచ్చిపడుతుంది. మూత్రం ముక్కుతూ పోస్తున్నా, పదేపదే ఎర్రగా వాస్తున్నా, జ్వరంతో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా డాక్టరుకు చూపించాలి.

పెద్దయినా చిన్నప్పటి బిగుతు పోలేదు

మచ్చలు లేకుండా ఊరికే బిగుతుగా ఉంటే మొదటి వైద్యం స్టెరాయిడ్ క్రీమే. సాధారణంగా 0.05 శాతం బీటామెథసోన్‌ను బిగుతుగా ఉన్న అంచు మీద పల్చగా, రోజుకు రెండుసార్లు, 4 నుంచి 8 వారాలు రాయమంటారు. రాశాక నొప్పి పుట్టనంత మేరకే చర్మాన్ని వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు తెచ్చేయాలి. చాలామందికి దీంతోనే సరిపోతుంది. అయితే మందుల షాపులో అడిగితే స్టెరాయిడ్, యాంటిబయాటిక్, ఫంగస్ మందు అన్నీ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. అది వద్దు. డాక్టరు రాసిచ్చిన మందే, చెప్పినన్ని వారాలే వాడండి.

చర్మం వెనక్కి వస్తున్నా అడుగున తాడులాంటి మడత లాగుతూ, కలయికలో చిరుగుతుంటే సమస్య వేరు. చాలామంది దాన్ని నరం అనుకుని హడలిపోతారు, నిజానికి అది చర్మమే. రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి. మాటిమాటికీ చిరుగుతుంటే ఆ మడతను పొడవు చేసే చిన్న ఆపరేషన్ ఉంది.

నలభై దాటాక కొత్తగా బిగుసుకుంది, పగుళ్లు, దురద, తెల్లటి పొర

ముందు షుగర్ పరీక్ష చేయించండి, పరగడుపున ఒకటి, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒకటి. తమకు మధుమేహం ఉందని కొందరికి ఈ పగుళ్లతోనే తెలుస్తుంది. షుగర్ ఎక్కువైతే ఫంగస్ చేరుతుంది, పుండు పడి మానిన ప్రతిసారీ చర్మం ఇంకాస్త బిగుస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు షుగర్‌ను మూత్రంలోకి పంపేస్తాయి కాబట్టి అవి వాడేవాళ్లకు ఈ ఫంగస్ బెడద ఇంకా ఎక్కువ. మాత్ర సొంతంగా ఆపకండి, రాసిచ్చిన డాక్టరుకు మొహమాటపడకుండా చెప్పండి. క్లోట్రిమజోల్ లాంటి క్రీముతో ఫంగస్ తగ్గుతుంది, షుగర్ అదుపులోకి రాకపోతే మళ్లీ వస్తుంది. ఘాటైన సబ్బులు, యాంటిసెప్టిక్ ద్రావణాలు మంటను పెంచుతాయి. మామూలు నీళ్లతో కడిగి, తడి లేకుండా తుడుచుకుంటే చాలు.

అంచు తెల్లబడి, గట్టిపడి, సాగడం మానేసింది

ఇది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు. దీన్ని సాగదీసి లాభం లేదు. మూత్రద్వారాన్ని కూడా ఇరుకు చేయగలదు, ఏళ్ల తరబడి వదిలేస్తే క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది. క్లోబెటసాల్ వంటి గట్టి స్టెరాయిడ్‌తో మొదలుపెట్టినా, చాలామందికి చివరికి సున్తీయే మార్గం. తీసిన చర్మాన్ని బయాప్సీకి, అంటే ల్యాబ్‌లో పరీక్షకు పంపమని అడగండి. మానని పుండో గడ్డో కనిపిస్తే ఏ క్రీమూ రాయకుండా నేరుగా యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

ఆపరేషన్ అన్నారు

తెల్లమచ్చ లేకపోతే, క్రీమ్ వాడి చూశారా లేదా అన్నది మొదటి ప్రశ్న. లేజర్, స్టేప్లర్ అని ఊరంతా బోర్డులు కనిపిస్తాయి గానీ అవి కోసే సాధనాల పేర్లు, ఏదైనా జరిగేది సున్తీయే. మతానికి ముడిపెట్టి వెనకాడేవాళ్లూ ఉన్నారు, ఇక్కడ అది వైద్యం, అంతే. చర్మం పోగొట్టుకోవడం ఇష్టం లేనివాళ్లకు బిగుతు అంచును మాత్రమే వెడల్పు చేసే ప్రెప్యూషియోప్లాస్టీ ఉంది, మచ్చ కట్టిన చర్మానికి మాత్రం అది నప్పదు. సున్తీ అయితే గాయం మానడానికి రెండు మూడు వారాలు, కలయికకు సుమారు ఆరు వారాలు ఆగాలి. ప్రెప్యూషియోప్లాస్టీ అయితే, డాక్టరు చెప్పినప్పటి నుంచి రోజూ చర్మాన్ని వెనక్కీ ముందుకీ జరుపుతుండాలి, లేకపోతే మళ్లీ బిగుసుకుంటుంది.