రోజూ పిల్లలతో బొమ్మల పుస్తకం చదవడం ఎలా?

ఏడాది పిల్లాడి చేతికి పుస్తకం ఇస్తే మొదట దాన్ని నోట్లో పెట్టుకుంటాడు. తర్వాత తలకిందులుగా పట్టుకుంటాడు, నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేస్తాడు, మీరు రెండో లైను చదివేలోపు లేచి పోతాడు. ఆ వయసులో చదవడమంటే అదే. "మావాడు పుస్తకం ముందు కూర్చోడండీ" అనేవాళ్లలో చాలామంది అచ్చులో ఉన్నదంతా చదివి ముగించాలని చూస్తుంటారు. పిల్లలకేమో బొమ్మ చూపించి మాట్లాడే మనిషి కావాలి.

1. వేళ కుదుర్చుకోండి

దీనికోసం ప్రత్యేకంగా టైం వెతకొద్దు. రోజూ ఎలాగూ జరిగే పనికి తగిలించండి: రాత్రి అన్నాలయ్యాక, పక్కలు వేసే ముందు. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పిల్లలు మధ్యాహ్నమంతా ఇంట్లోనే ఉంటారు, ఫోన్ కోసం గొడవ మొదలయ్యేదీ అప్పుడే. ఆ వేళ పుస్తకం తీయండి. పది నిమిషాలు చాలు. ఏడాది పిల్లలు మూడు నిమిషాలు కూర్చున్నా గొప్పే. ఒకరోజు తప్పిపోతే టెన్షన్ పడక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దు, ఆ తర్వాత నాలుగేళ్ల వరకు రోజుకు గంట దాటకూడదు. పిల్లలు కుదురుగా కూర్చునే సమయంలో పెద్దవాళ్లు కథలు చెప్పడం, చదివి వినిపించడం మంచిదని కూడా అందులోనే ఉంది.

2. పుస్తకాలు చూసుకోండి

రెండేళ్లలోపు వాళ్లకు అట్టలాంటి మందపాటి పేజీలు, పేజీకి ఒకే పెద్ద బొమ్మ ఉండాలి. మూడు, నాలుగేళ్లకు పేజీకి ఒకటి రెండు వాక్యాలు. ఆ పైన చిన్న కథలు. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థలు తెలుగులో బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. ప్రథమ్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీయించుకోవచ్చు. మన ఉమ్మడి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో మొదలైన కొత్తపల్లి పిల్లల పత్రిక ఉంది. అందులో కథలు కాస్త పెద్దపిల్లలకు. చిన్నవాళ్లకైతే బొమ్మ చూపించి మీ మాటల్లో కుదించి చెప్పండి.

ఏదీ దొరక్కపోతే మీరే ఒకటి చేయండి. అవ్వ, తాత, ఇంటి ఎనుము, బుడ్డల చేను, వీధి చివర ఉగ్గాని బండి... ఫోన్‌లో ఫొటోలు తీసి ప్రింటు వేయించి పాత నోటుబుక్కులో అతికిస్తే సరి. నన్నడిగితే రెండేళ్ల పిల్లకు కొన్న పుస్తకం కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది.

3. పుస్తకం పిల్లల చేతికే ఇవ్వండి

ఒళ్లో కూర్చోబెట్టుకుని పేజీలు వాళ్లనే తిప్పనివ్వండి. చిరిగితే టేపు వేద్దాం. చిరుగుతుందని బీరువాలో పెట్టి తాళం వేస్తే కొన్నదే దండగ. పిల్లలకు అందే ఎత్తులో ఒక ప్లాస్టిక్ బుట్టలో పడేసి ఉంచండి.

4. బొమ్మ మీద మాట నడపండి

అసలు పని ఇదే. వరస ఇలా ఉంటుంది: అడగాలి, వాళ్లు చెప్పింది అందుకోవాలి, దానికి కొంచెం కలపాలి, మళ్లీ వాళ్లతో అనిపించాలి.

"ఇదేంది?"
"కుక్క."
"ఆ, కుక్కే! నల్ల కుక్క. నీళ్లు తాగుతాంది. ఏం తాగుతాంది?"
"నీళ్లు."

ఇంతే. అమెరికా మనస్తత్వవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన పరిశోధన ఈ పద్ధతి మీదే. రెండేళ్ల వయసు పిల్లల తల్లిదండ్రులకు దీన్ని నేర్పి నెల తర్వాత చూస్తే, మామూలుగా చదివి వినిపించిన ఇళ్లలో పిల్లల కంటే వీళ్లు మాటల్లో ముందున్నారు.

పిల్లలు పెరిగేకొద్దీ ప్రశ్న మారాలి. మొదట 'ఇదేంది?', తర్వాత 'ఏం చేస్తాంది?', నాలుగేళ్లొచ్చాక 'ఎందుకు ఏడుస్తాంది?', 'ఇప్పుడేమవుతాది?' కథను మన ఊరికి తేవడం మరీ మంచిది. పుస్తకంలో పెద్ద చెట్టు కనబడితే "కదిరి పక్క తిమ్మమ్మ మర్రిమాను చూసినాం కదా, దానికి ఊడలు ఎట్లుండె?" అనండి. వాక్యాలు కూడా మీ ఇంటి మాటల్లోకి మార్చి చదవండి, తప్పేమీ లేదు.

పేజీకి ఒక ప్రశ్న చాలు. అంతకు మించితే పరీక్ష పెట్టినట్టుంటుంది. చుట్టాలొచ్చినప్పుడు "వాట్ ఈజ్ దిస్? చెప్పు నాన్నా, చెప్పు" అని యాపిల్ బొమ్మ ముందు నిలబెట్టే అలవాటు మనలో చాలామందికుంది. దానివల్ల చుట్టాలకు టీ లేటవుతుంది తప్ప పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

5. అదే పుస్తకం మళ్లీ అడిగితే విసుక్కోకండి

మీకు విసుగు పుడుతుంది, నిజమే. కానీ విన్నదే మళ్లీ వింటేనే మాటలు వాళ్లవవుతాయి. బాగా అలవాటైన కథలో వాక్యం చివరి మాట దగ్గర ఆగి చూడండి, వాళ్లే పూర్తి చేస్తారు.

6. చదువు రాని పెద్దవాళ్లకూ అప్పజెప్పండి

అమ్మానాన్నలు పనికి పోతే చాలా ఇళ్లలో పిల్లల్ని చూసుకునేది అవ్వే. ఆమెకు అక్షరాలు రాకపోతే ఏం? బొమ్మలు చూసి కథ అల్లమనండి. అచ్చు వంక చూసే పని లేదు కాబట్టి చాలాసార్లు మనకంటే ఆమే బాగా చెబుతుంది. మాటలు లేని, బొమ్మలు మాత్రమే ఉండే పుస్తకాలు ఇందుకు బాగా పనికొస్తాయి. నాన్న బెంగళూరులో పనిలో ఉంటే పుస్తకం పేజీల ఫొటోలు ఆయనకు పంపండి. పిల్ల ఇక్కడ పేజీ తిప్పుతుంటే ఆయన అక్కడి నుంచి వీడియో కాల్‌లో చదువుతాడు.

7. బడిలో చేరాక ఆపకండి

అక్షరాలు రాగానే "ఇంక నువ్వే చదువుకో" అనేస్తాం. కూడబలుక్కుంటూ చదివే పిల్లలకు కథ మీద కంటే అక్షరాల మీదే ధ్యాస పోతుంది. ఒక పేజీ మీరు, ఒక పేజీ వాళ్లు చదవండి. గుణింతం దగ్గర ఆగితే కాసేపు చూసి మీరే అందించి ముందుకు పోండి, ఒత్తులు దిద్దడానికి బడి పలక ఎలాగూ ఉంది.