టెక్స్ట్ ఆటల్లో చేతిపనులు నేర్చుకోవడం: డ్రాగన్‌రెల్మ్స్‌లో తొలి పాఠాలు

బొమ్మలు లేకుండా కేవలం అక్షరాలతో నడిచే ఆన్‌లైన్ ఆటలు ఇంటర్నెట్ ఇళ్ళలోకి రాకముందే పుట్టాయి. బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, ఆ తరువాత రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన మడ్ అనే ఆట వీటికి మూలం. ఆ ఆట పేరే తరువాత ఈ కోవకు చెందిన ఆటలన్నిటికీ స్థిరపడింది. ఆటగాడు ఒక కమాండు టైపు చేస్తాడు, ఆట ఒకటి రెండు వాక్యాల్లో జవాబిస్తుంది, ఆ జవాబును బట్టి ఆటగాడు తన తరువాతి పని నిర్ణయించుకుంటాడు. బొమ్మల ఆటల్లో చాలా చోట్ల కావలసిన సరుకులు పోగుచేసుకుని ఒక మీట నొక్కితే కత్తి తయారవుతుంది. మంచి టెక్స్ట్ ఆటలో మాత్రం లోహం కరిగించడం, సాగగొట్టడం, చల్లార్చడం, సానపట్టడం అన్నీ వేరువేరు పనులు. ప్రతి పని చివరా ఆట చెప్పే వాక్యంలో తరువాత చేయవలసినదానికి సూచన దాగి ఉంటుంది. ఆ వాక్యాన్ని చదవడం అలవాటు చేసుకున్నవారికి చేతిపనులు త్వరగా పట్టుబడతాయి. ఎవరో రాసి పెట్టిన కమాండుల వరుసను ఎక్కించుకుపోయేవారు మొదటి ఆటంకం దగ్గరే ఆగిపోతారు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకు డ్రాగన్‌రెల్మ్స్ అనే ఆటను తీసుకుంటాను. సిముట్రోనిక్స్ అనే అమెరికన్ సంస్థ 1996లో ప్రారంభించిన ఈ ఆట ఎలాంథియా అనే కల్పిత ప్రపంచంలో జరుగుతుంది. ఇందులో కమ్మరం, ఇంజనీరింగ్, దుస్తుల తయారీ, ఔషధాల తయారీ, మంత్రపూత అని ఐదు చేతిపనులు ఉన్నాయి. ప్రతి పనికీ పెద్ద పట్టణాల్లో ఒక సంఘం, ఆ సంఘంలో పని అప్పగించే ఒక మేస్త్రీ, సరుకులు, పనిముట్లు అమ్మే దుకాణం ఉంటాయి. చేతిపనులను ఇంత విడమరచి, ఇంత ఓపికగా రూపొందించిన టెక్స్ట్ ఆటలు తక్కువ అని నా అభిప్రాయం. ఇక్కడ నేర్చుకున్న పద్ధతి వేరే ఆటకు వెళ్ళినా అక్కరకు వస్తుంది.

మొదలుపెట్టడానికి పెద్ద ఏర్పాట్లేవీ అవసరం లేదు. పాత కంప్యూటరైనా, నెమ్మదిగా నడిచే ఇంటర్నెట్ కనెక్షనైనా సరిపోతాయి. అంతా అక్షరాలే కాబట్టి తెరమీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ల సాయంతో చూపులేనివారు కూడా ఇలాంటి ఆటలు ఆడుతున్నారు, వారిలో ఆరితేరినవారూ ఉన్నారు. కమాండులు ఆంగ్ల అక్షరాల్లోనే టైపు చేయాలి, జవాబులూ ఆంగ్లంలోనే వస్తాయి. ఆ భాష కొంచెం బరువనిపించినా బెదరవలసిన పని లేదు. ఒక చేతిపనిలో పదేపదే వచ్చే వాక్యాలు కొన్నే ఉంటాయి, రెండు మూడు వస్తువులు పూర్తయ్యేసరికి అవి కంటికి అలవాటు పడతాయి.

కొత్తవారు మొదట కమ్మరం వైపు పరుగెత్తుతారు, ఎందుకంటే తన కత్తి తానే చేసుకోవాలన్న కోరిక ఎవరికైనా సహజం. నా సలహా మాత్రం దుస్తుల తయారీలో భాగమైన అల్లికతో మొదలుపెట్టమని. అల్లికకు కొలిమి అక్కరలేదు, మగ్గం అక్కరలేదు. ఊలు దారం, ఒక జత అల్లిక సూదులు, సూచనల పుస్తకం ఉంటే ఎక్కడ కూర్చునైనా పని చేసుకోవచ్చు. సరుకు పాడైనా నష్టం తక్కువ. అన్నిటికన్నా ముఖ్యంగా అల్లికలో వచ్చే సూచనా వాక్యాలు మూడు నాలుగు రకాలే కావడం వల్ల చదవడం నేర్చుకోవడానికి ఇంతకన్నా అనువైన పని మరొకటి లేదు.

క్రమం ఇలా సాగుతుంది. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, 'టర్న్ మై బుక్ టు చాప్టర్' అని టైపు చేసి పక్కన అంకె వేస్తే ఆ అధ్యాయం తెరుచుకుంటుంది. 'రీడ్ మై బుక్' అంటే అందులోని వస్తువుల జాబితా, వాటి పేజీల అంకెలు కనబడతాయి. కావలసిన పేజీకి తిప్పి మళ్ళీ చదివితే ఆ వస్తువుకు ఎంత సరుకు కావాలో, ఏయే పనిముట్లు కావాలో తెలుస్తుంది. ఆ తరువాత 'స్టడీ మై బుక్' అనాలి. చదవడం వేరు, స్టడీ చేయడం వేరు. రీడ్ కమాండు సమాచారం చూపుతుందే తప్ప పనికి నాంది పలకదు. స్టడీ చేసినప్పుడే మీ పాత్ర ఆ నమూనాను మనసుకు పట్టించుకుంటుంది, ఆ వస్తువు చేయగల నేర్పు మీకు ఉందో లేదో కూడా ఆ సమయంలోనే ఒక వాక్యంలో చెబుతుంది. చాలామంది ఈ వాక్యాన్ని చూడకుండా దాటవేసి, తమ శక్తికి మించిన వస్తువు మీద సరుకు తగలేస్తారు.

పుస్తకం పక్కన పెట్టి, ఒక చేతిలో ఊలు, మరో చేతిలో సూదులు పట్టుకుని 'నిట్ మై యార్న్ విత్ మై నీడిల్స్' అని టైపు చేయండి. మీ పాత్ర అల్లడం మొదలుపెడుతుంది, పనికి పట్టే వ్యవధి సెకన్లలో కనబడుతుంది. దీనిని రౌండ్‌టైమ్ అంటారు. అది గడిచేదాకా మరో పని చేయలేరు కాబట్టి ఆ కొద్ది క్షణాలను జవాబు చదవడానికే కేటాయించండి. సూదులను తిప్పవలసి ఉందని ఆట చెబితే 'టర్న్ మై నీడిల్స్' అనాలి. అంచుకు గీతల అల్లిక వేయాలని చెబితే 'పుష్ మై నీడిల్స్' అనాలి. అల్లిక ముగింపుకు వచ్చిందని, కుట్లు దించాలని చెబితే 'కాస్ట్ మై నీడిల్స్' అనాలి. వీటిలో ఏదీ చెప్పకపోతే అల్లడం కొనసాగించాలి. సూచన వచ్చినా పట్టించుకోకుండా అల్లుకుంటూ పోతే వస్తువు నాణ్యత పడిపోతుంది. ఎక్కడ ఆగారో మరిచిపోయినా, మధ్యలో కనెక్షన్ తెగినా కంగారు పడకండి. సగంలో ఉన్న వస్తువును 'అనలైజ్' చేస్తే తరువాత చేయవలసిన పని ఏమిటో ఆటే చెబుతుంది. మొత్తం చేతిపనుల్లో కొత్తవారికి ఇంతగా ఉపకరించే కమాండు మరొకటి లేదు, విచిత్రంగా చాలామందికి ఆలస్యంగా తెలిసేదీ ఇదే.

ఒకటి రెండు వస్తువులు సొంతంగా చేసిన తరువాత సంఘం మేస్త్రీ దగ్గర పని అడగాలి. లాగ్‌బుక్ అనే చిన్న పుస్తకం చేతిలో పట్టుకుని సులభమైన పని కావాలని అడిగితే, ఏ వస్తువు, ఎన్ని, ఏ స్థాయి నాణ్యతతో, ఎంత గడువులోగా చేయాలో అందులో రాసి ఇస్తాడు. సులభం, కొంచెం కష్టం, కష్టం అని మూడు మెట్లు ఉన్నాయి. మొదట్లో సులభమైనవే తీసుకోండి. పూర్తయిన ప్రతి వస్తువునూ 'బండిల్' కమాండుతో లాగ్‌బుక్‌కు జతచేసి, అన్నీ చేరాక పుస్తకాన్ని మేస్త్రీకి ఇస్తే కూలి ముడుతుంది. ఈ పద్ధతిలో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. ఏం తయారు చేయాలో, ఎవరికి అమ్మాలో కొత్తవారు ఆలోచించనక్కరలేదు. సరుకు ఖర్చు తిరిగి వస్తుంది, పనిలో చేయి తిరుగుతుంది. వచ్చే డబ్బు ప్రాంతాన్ని బట్టి వేరువేరు నాణేల్లో ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి. క్రాసింగ్ పట్టణంలో క్రోనార్లు, రివర్‌హేవెన్‌లో లీరమ్‌లు, షార్డ్‌లో డొకోరాలు చెల్లుతాయి. ఊరు మారినప్పుడు డబ్బు మార్చుకోకుండా దుకాణానికి వెళ్ళి వెనుదిరగడం కొత్తవారికి తరచూ జరిగేదే.

నైపుణ్యం ఎలా పెరుగుతుందో తెలియక వృథా ప్రయాస పడేవారు చాలామంది. డ్రాగన్‌రెల్మ్స్‌లో పని చేసిన వెంటనే నైపుణ్యం పెరగదు. చేసిన పనిలోంచి వచ్చిన అనుభవం ముందు మనసులో ఒక నిల్వగా చేరి, కొంచెం కొంచెంగా అసలు నైపుణ్యంగా మారుతుంది. 'ఎక్స్‌పీరియన్స్' అని టైపు చేస్తే ఆ నిల్వ ఎంత నిండిందో మాటల్లో కనబడుతుంది. ఖాళీ అని అర్థమిచ్చే క్లియర్ నుంచి పూర్తిగా నిండిపోయిందని చెప్పే మైండ్ లాక్ దాకా ఆ మెట్లు సాగుతాయి. మైండ్ లాక్ వచ్చిన తరువాత ఎంత అల్లినా కొత్త అనుభవం చేరడానికి చోటుండదు కాబట్టి, అప్పుడు పని ఆపి వేరే నైపుణ్యం వైపు వెళ్ళి, నిల్వ తగ్గాక తిరిగి రావడం మేలు. మరీ తేలికైన వస్తువులు చేస్తే నిల్వ నిండదు. శక్తికి మించినవి చేస్తే సరుకు పాడవుతుంది. స్టడీ చేసినప్పుడు వచ్చే వాక్యం 'కొంచెం ఇబ్బంది పడతావు గాని చేయగలవు' అన్న ధోరణిలో ఉంటే ఆ వస్తువు మీకు సరైనదని లెక్క.

అల్లికలో వాక్యాలు చదవడం వచ్చాక కమ్మరం అంత భయపెట్టదు. ఇక్కడ పనిముట్లు ఎక్కువ. ముడి లోహపు ముక్కలను మూసలో వేసి, కడ్డీతో కలియబెట్టి, కరిగిన లోహాన్ని ముద్దగా పోసుకోవాలి. ఆ ముద్దను దాగలి మీద పెట్టి, నమూనా స్టడీ చేసి, ఒక చేత సుత్తి, మరో చేత పటకారు పట్టుకుని కొట్టాలి. ఒక దెబ్బకు జవాబుగా, మంట తగ్గిపోయి ఇంకా బొగ్గు కావాలన్న వాక్యం వస్తే కొలిమిలోకి పారతో బొగ్గు ఎగదోయాలి. మంట మిణుకుమిణుకుమంటూ ఉన్న బొగ్గును కాల్చలేకపోతోందన్న వాక్యం వస్తే తిత్తులు ఊదాలి. లోహాన్ని దాగలి కొమ్ము మీద సరిచేస్తే బాగుంటుందన్న వాక్యం వస్తే పటకారుతో ముద్దను తిప్పాలి. మొదటి రెండు వాక్యాలూ మంట గురించే కాబట్టి పైపైన చదివేవారు ఒకదానికొకటి పొరబడతారు. మంట ఇంకా బొగ్గు కావాలంటోందా, ఉన్న బొగ్గును కాల్చలేకపోతోందా అన్నది చూసుకుంటే ఆ తికమక తీరిపోతుంది. చివరకు చల్లార్చవలసిన సమయం వచ్చిందని ఆట చెప్పినప్పుడు నీటి తొట్టిని దగ్గరకు లాగి లోహాన్ని ముంచాలి. ఆ పైన వస్తువును బట్టి సానరాయి మీద నూరడం, నూనె పూయడం మిగులుతాయి. మన ఊళ్ళలో కొలిమి పని దగ్గరగా చూసినవారికి ఈ వరుస చదవగానే అర్థమవుతుంది, ఎందుకంటే నిజమైన కమ్మరి కూడా లోహం రంగును, మంట తీరును చూసే తన తరువాతి దెబ్బ ఎంచుకుంటాడు.

ఔషధాల తయారీలో దాగలి బదులు కల్వం ఉంటుంది, మూలికలను నూరుతూ మధ్యమధ్య వచ్చే సూచనలను అనుసరించాలి. పద్ధతి ఒకటే కాబట్టి వివరించను. మంత్రపూత మాత్రం ముందే మొదలుపెట్టవద్దు, అది మిగిలిన చేతిపనుల మీద కొంత పట్టు వచ్చిన తరువాత చేపట్టవలసిన పని.

పదేపదే అవే కమాండులు టైపు చేయడం విసుగనిపించినప్పుడు సత్వరమార్గాలు వెతకడం సహజం. ఇందులో ఒక క్రమం పాటించడం మంచిదని గట్టిగా చెబుతాను. మొదటి మెట్టు రంగులు వేయడం. టెక్స్ట్ ఆటలు ఆడడానికి మన కంప్యూటర్లో వాడే మడ్‌లెట్ వంటి క్లయింట్ ప్రోగ్రాముల్లో చాలావాటిలో ఒక మాటో వాక్యమో కనబడినప్పుడు దానికి రంగు వేసే సదుపాయం ఉంటుంది. సూదులు తిప్పాలన్న వాక్యానికి ఒక రంగు, కుట్లు దించాలన్న వాక్యానికి మరో రంగు పెట్టుకుంటే పరుగెత్తే తెరలో కూడా సూచన తప్పిపోదు. రెండో మెట్టు పొడవైన కమాండుకు ఒకటి రెండు అక్షరాల సంక్షిప్త రూపం ఇచ్చుకోవడం. మూడోది, జవాబును బట్టి కమాండులు తనంతట తానే పంపే స్క్రిప్టు. ఒక చేతిపనిలోని వాక్యాలన్నీ మీకు నోటికి వచ్చేదాకా మూడో మెట్టు ఎక్కవద్దు, ఎందుకంటే స్క్రిప్టు చిక్కుకుపోయినప్పుడు ఎక్కడ చిక్కుకుందో చెప్పగలిగేది ఆ వాక్యాలు తెలిసినవారే. ఇంకో మాట: డ్రాగన్‌రెల్మ్స్‌లో స్క్రిప్టులు వాడవచ్చు గాని, తెర ముందు మనిషి లేకుండా వాటిని నడపడం నిబంధనలకు విరుద్ధం. వేరే ఆటల్లో ఈ నిబంధన వేరుగా ఉండవచ్చు కాబట్టి ముందుగా చదివి తెలుసుకోవాలి.

వస్తువు నాణ్యత మీ నైపుణ్యం ఒక్కదాని మీదే ఆధారపడదు. సరుకు, పనిముట్టు, సూచనలను ఎంత సరిగా అనుసరించారన్నది కూడా లెక్కలోకి వస్తాయి. పనిముట్లు వాడేకొద్దీ అరిగిపోతాయి. తీగల బ్రష్షుతో రుద్ది, నూనె వేసి వాటిని బాగుచేసుకోవచ్చు, లేదా మరమ్మతు దుకాణంలో ఇవ్వవచ్చు. అరుదైన లోహాల మీద మోజుతో తొలిరోజుల్లోనే ఖరీదైన ముద్దలు కొనడం డబ్బు నీళ్ళపాలు చేయడమే అవుతుంది. సంఘం దుకాణంలో దొరికే మామూలు సరుకే నేర్చుకోవడానికి సరైనది.

వేరే ఆటకు మారినప్పుడు ఏది మారుతుందో కూడా తెలిసి ఉండాలి. 1997లో మొదలైన అకేయా అనే మరో టెక్స్ట్ ఆటలో బట్టలు, నగలు చేసేవారు కొత్త నమూనా కావాలంటే ఆ వస్తువు వర్ణనను తామే రాసి, పరిశీలనకు పంపి, ఆమోదం పొందాకే తయారు చేయాలి. అక్కడ చేయి తిరగడమంటే వాక్యం రాయడంలో చేయి తిరగడమే. ఏ ఆటలో అడుగు పెట్టినా మొదట 'హెల్ప్' కమాండుతో చేతిపనుల పేజీ పూర్తిగా చదవండి. నమూనాలు ఎక్కడ దొరుకుతాయి, సగంలో ఉన్న వస్తువును పరిశీలించే కమాండు ఏది, సరుకు పాడైతే తిరిగి వస్తుందా, ఈ మూడింటికీ జవాబు దొరికితే పని మొదలుపెట్టవచ్చు. దొరకకపోతే సంఘం భవనంలో పని చేసుకుంటున్న పాత ఆటగాళ్ళను అడగండి. అడిగేటప్పుడు 'ఏం చేయాలి' అని ఊరుకోకుండా, మీరు టైపు చేసిన కమాండును, ఆట ఇచ్చిన చివరి వాక్యాన్ని యథాతథంగా చెప్పండి. ఆ రెండూ తెలిస్తే అనుభవం ఉన్నవారు తప్పు ఎక్కడుందో ఒక్క మాటలో చెప్పగలరు.