సుడో లేని యంత్రంలోనూ నడిచే స్క్రిప్టు రాయడం

సర్వర్‌లో చాలాకాలం సజావుగా నడిచిన స్క్రిప్టు, కొత్త కంటైనర్‌లో (మిగతా యంత్రం నుంచి వేరుచేసి నడిపే చిన్న వ్యవస్థలో) మొదటి వరుసకే 127 అనే ఎగ్జిట్ కోడ్‌తో ఆగిపోయిందంటే, ఆ కంటైనర్‌కు మూలమైన ఇమేజ్‌లో సుడో (sudo, మామూలు యూజర్ ఒక కమాండును నిర్వాహక అధికారంతో నడిపేందుకు వాడే పనిముట్టు) ఉందో లేదో ముందుగా చూడాలి. కమాండ్లను చదివి నడిపే షెల్‌కు ఆ పేరుతో కమాండు దొరకలేదని ఆ కోడ్‌కు అర్థం. విచిత్రమేమిటంటే, అలాంటి కంటైనర్లలో సాధారణంగా మనం అప్పటికే రూట్‌గా, అంటే నిర్వాహక యూజర్‌గా ఉంటాం. అక్కర్లేని అనుమతిని అడగబోయి స్క్రిప్టు చతికిలబడుతుంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైతే 2015 నాటి 5.8 వెర్షన్ నుంచి మూల వ్యవస్థలో సుడో స్థానాన్ని అదే పని చేసే డోయాస్ (doas) తీసుకుంది. అందువల్ల ప్రతి వరుసకూ ముందు సుడో అని రాసే అలవాటు మానుకొని, అధికారం కావాల్సిన కమాండ్లన్నిటినీ ఒకే షెల్ ఫంక్షన్ ద్వారా పంపడం మేలు.

ఆ ఫంక్షన్ మొదట చూడవలసింది మనం ఎవరమన్నదే. ఐడీ కమాండును యూ ఆప్షన్‌తో (id -u) నడిపితే 0 వచ్చినప్పుడు మనం రూట్. కమాండును ఉన్నదున్నట్టు నడిపేస్తే చాలు. ఇందుకోసం బాష్ షెల్‌లోని ఈయూఐడీ (EUID) వేరియబుల్‌ను నమ్ముకోకూడదు, డాష్ వంటి షెల్‌లలో అది ఉండదు. రూట్ కాకపోతే సుడో, అదీ లేకపోతే డోయాస్ ఉన్నదేమో వెతకాలి. ఈ వెతుకులాటకు విచ్ (which) కమాండు కంటే, యునిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో ఉన్న కమాండ్ అనే అంతర్నిర్మిత ఆదేశాన్ని చిన్న వీ ఆప్షన్‌తో (command -v) వాడటమే నమ్మకమైన పద్ధతి. దొరికిన పనిముట్టుకు ఫంక్షన్‌కు వచ్చిన ఆర్గ్యుమెంట్లను (కమాండునూ దాని వెంట రాసిన మాటలనూ) "$@" రూపంలో, డబుల్ కోట్స్‌తో సహా అందించాలి. కోట్స్ వదిలేస్తే ఖాళీ ఉన్న ఫైలు పేరు రెండు ముక్కలవుతుంది.

ఫంక్షన్‌కు బదులు ఒక వేరియబుల్‌లో సుడో అనో, ఖాళీగానో పెట్టి దాన్ని కమాండు ముందు రాసేవారు చాలామంది ఉన్నారు. కోట్స్ లేకుండా రాసినంతవరకు అది పనిచేస్తుంది. కోట్స్ పెట్టారా, వేరియబుల్ ఖాళీగా ఉన్న చోట షెల్ పేరే లేని కమాండును నడపబోయి మళ్లీ అదే 127 ఇస్తుంది.

సుడో, డోయాస్ రెండూ లేనప్పుడు మిగిలేది, మరో యూజర్‌గా మారేందుకు వాడే ఎస్‌యూ (su). అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. దాని సీ ఆప్షన్ తన వెంటనే ఉన్న ఒక్క మాటనే కమాండుగా తీసుకుంటుంది. లినక్స్‌లో ఎస్‌యూ, సీ ఆప్షన్, ఆపైన ఆప్ట్, ఇన్‌స్టాల్, కర్ల్ అని వరుసగా (su -c apt install curl) రాస్తే, ఆప్ట్ ఒక్కటే కమాండవుతుంది. తర్వాతి మాటను యూజర్ పేరనుకోవడంతో, ఇన్‌స్టాల్ అనే యూజర్ లేడని ఫిర్యాదు వస్తుంది. మొత్తం వాక్యాన్ని ఒకే కోట్స్‌లో కూరితే ఆ తప్పు పోతుంది గానీ, లోపలి కోట్స్ బాధ మొదలవుతుంది. ఫ్రీబీఎస్‌డీలో యూజర్ పేరుకు ముందు వచ్చే సీ ఆప్షన్‌కు లాగిన్ క్లాస్ (యూజర్లకు వర్తించే అమరికల సమూహం) అని వేరే అర్థం ఉంది కాబట్టి, రూట్ అన్న పేరు ముందు రాసి, సీ ఆప్షన్ ఆ తర్వాత రాస్తేనే రెండు చోట్లా చెల్లుతుంది. పైగా ఎస్‌యూ పిలిచిన ప్రతిసారీ రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. నా మటుకు నేను అధికారం కావాల్సిన పనులన్నిటినీ ఒక చిన్న స్క్రిప్టు ఫైలులో చేర్చి, ఖాళీలు లేని దాని పూర్తి మార్గాన్ని ఎస్‌యూకు ఒక్కసారే అందిస్తాను.

ఫలితాన్ని ఫైలులోకి మళ్లించే రీడైరెక్షన్ గుర్తును (>) ఫంక్షన్ పిలుపు పక్కన పెట్టినా ఫలితం ఉండదు: ఆ ఫైలును తెరిచేది మన మామూలు షెల్ గనుక అనుమతి నిరాకరణ ఎదురవుతుంది. రాయవలసినదాన్ని పైపు ద్వారా తనకు వచ్చినదాన్ని ఫైలులో రాసే టీ (tee) కమాండుకు పంపి, ఆ టీని ఫంక్షన్ ద్వారా నడపాలి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కావాలంటే సుడోకున్న పెద్ద ఈ ఆప్షన్ (-E) డోయాస్‌లో లేదు. ఎన్వ్ (env) కమాండునే ముందుంచి, దాని పక్కన విలువలు రాస్తే రెండిటితోనూ పని జరుగుతుంది.

ఫంక్షన్ చివరి శాఖలో ఏ దారీ దొరకనప్పుడు, రూట్‌గా నడపమని ఎర్రర్ స్ట్రీమ్‌లో ఒక వాక్యం రాసి సున్నా కాని కోడ్‌తో బయటికి రావాలి. టెర్మినల్ లేకుండా నడిచే స్క్రిప్టయితే సుడోకూ డోయాస్‌కూ చిన్న ఎన్ ఆప్షన్ (-n) చేర్చండి. పాస్‌వర్డ్ అవసరమైన చోట అడుగుతూ కూర్చోకుండా అవి వెంటనే విఫలమవుతాయి.